కుదువ విడిపించిన ప్రభువు: మాట్ టాల్బట్ జీవిత కథ



మన సిద్దిపేట ప్రాంతంలో కుదువ పెట్టడమంటే ఏమిటో తెలియని కుటుంబం ఉండదు. పంట పెట్టుబడికో, బిడ్డ పెండ్లికో, దవఖాన ఖర్చుకో ఇంట్లో ఉన్న పుస్తెలతాడును, వెండి కడియాలను తీసుకుపోయి సేటు దగ్గర పెడతాం. వస్తువు మనదే, కాని మన చేతిలో ఉండదు. అసలు, వడ్డీ కడితేనే మళ్లీ ఇంటికి వస్తుంది. కట్టే శక్తి మనకు లేనప్పుడు అన్నో మేనమామో ముందుకొచ్చి మన తరఫున పైకం చెల్లించి విడిపించాలి.

విమోచనం అనే మాటకు మూలార్థం ఇదే. బానిసగా అమ్ముడుపోయిన వానిని వెల చెల్లించి విడిపించుకు రావడాన్ని పూర్వకాలంలో విమోచనం అన్నారు. పాపానికి కుదువపడిపోయిన మనలను క్రీస్తు ప్రభువు తన రక్తమే వెలగా చెల్లించి విడిపించాడని తిరుసభ మనకు బోధిస్తున్నది.

ఈ బోధను చిన్ననాడు సత్యోపదేశంలో నేర్చుకున్నాం. అయినా మనలో చాలామంది విడుదల పొందినవారి వలె బ్రతకడం లేదు. పాపసంకీర్తనం చేసి, గురువుల నోట పాపవిమోచనం పొంది, ఇంటికి వచ్చిన తరువాత కూడా పాత తప్పు గుండెలో ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. దేవుడు క్షమించి ఉండవచ్చు గాని నేను చేసింది చెరిగిపోతుందా అనే అనుమానం వదలదు. మరికొందరు, తమ వంటి వారికి క్షమాపణ ఎక్కడిదని దేవాలయం గడప తొక్కడమే మానుకుంటారు.

ఈ అనుమానానికి జవాబు ఒక మనిషి బ్రతుకులో చూద్దాం. ఆయన గురువు కాదు, మఠవాసి కాదు, చదువుకున్నవాడు కాదు. ఐర్లాండు దేశ రాజధాని డబ్లిన్ నగరంలో సుతారుల వెంట ఇటుకలు, సున్నం మోసిన కూలీ. పేరు మాట్ టాల్బట్. మాట్ అంటే మాథ్యూ, మన భాషలో మత్తయి. 1925లో మరణించాడు. తిరుసభ జూబిలీ సంవత్సరంగా ఆచరించిన 2025లోనే ఆయన మరణానికి నూరేళ్లు నిండాయి. తాగుడు నుండి విడుదల కోరుకునే వారు ప్రపంచమంతటా ఈనాడు ఆయన పేరు తలచి ప్రార్థిస్తున్నారు. మన మండలాల నుండి హైదరాబాదుకు పోయి భవన నిర్మాణ పనులు చేసుకునే వారికీ, వారి కోసం ఇంట్లో ఎదురుచూసే తల్లులకూ భార్యలకూ ఆయన పరాయివాడేమీ కాదు.

పన్నెండేళ్ల పనివాడు

మాట్ 1856 మే 2వ తేదీన డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి చార్లెస్, తల్లి ఎలిజబెత్. 12 మంది పిల్లలలో ఇతడు రెండవవాడు. అంతకు పదేళ్ల ముందే ఐర్లాండులో బంగాళదుంప పంట తెగులుతో నాశనమై మహా కరువు వచ్చింది. లక్షలాది జనం ఆకలితో, రోగాలతో చనిపోయారు. ఇంకా లక్షలాది మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఉన్నవారు పట్నాలలో ఇరుకు గదులలో తలదాచుకున్నారు. టాల్బట్ కుటుంబం కూడా ఒక అద్దె గదిలో నుండి మరొక అద్దె గదిలోకి మారుతూ కాలం గడిపింది. తండ్రి ఓడరేవులో పనివాడు. అతనికీ తాగుడు ఉంది. తల్లి ఇళ్లలో పనులు చేసి పిల్లలను సాకేది.

మాట్ క్రైస్తవ సహోదరుల బడిలో కొద్దికాలమే చదివాడు. బడి ఎగ్గొట్టేవాడని అక్కడి రిజిస్టరులోనే రాసి ఉంది. 12 ఏళ్లకే పనిలో చేర్చారు. ఆ పని దొరికింది ఒక మద్యం వ్యాపారి దగ్గర. సీసాలలో బీరు నింపడం, తిరిగి వచ్చిన ఖాళీ సీసాలను సర్దడం అతని ఉద్యోగం. సీసాల అడుగున మిగిలిన చుక్కలను పెద్దవాళ్లు తాగుతుంటే ఈ కుర్రవాడు కూడా తాగాడు. ఏడాది తిరగకముందే తూలుతూ ఇంటికి రావడం మొదలైంది.

తండ్రి కోపంతో కొట్టాడు. అక్కడ మాన్పించి, తన కళ్ల ముందు ఉంటాడని తాను పనిచేసే ఓడరేవు కార్యాలయంలోనే పెట్టించాడు. అక్కడి గోదాములలో ఉన్నది విస్కీ. బీరు తాగే పిల్లవాడు విస్కీకి అలవాటు పడ్డాడు. కొట్టి మాన్పించాలని చూసిన తండ్రి కూడా తాగేవాడే గనుక ఆ దెబ్బలకు విలువ లేకపోయింది. తండ్రులైన వారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

పదహారు సంవత్సరాలు

తరువాత మాట్ భవన నిర్మాణ పనులలో చేరాడు. ఒంట్లో బలం ఉంది, పని దొంగతనం లేదు. తోటివారి కంటే చురుకుగా ఇటుకలు మోసేవాడని పేరు. కాని శనివారం చేతికి వచ్చిన కూలి శనివారమే సారాయి దుకాణానికి చేరేది. వారం మధ్యలో ఉద్దెర, శనివారం చెల్లు, ఆదివారం మళ్లీ ఉద్దెర. ఇంట్లో అమ్మ చేతికి చిల్లర డబ్బులు కూడా సరిగా అందేవి కావు. డబ్బు లేనప్పుడు తొడుక్కున్న కోటు, కాళ్లకున్న బూట్లు కూడా కుదువపెట్టి తాగి, వట్టి కాళ్లతో ఇంటికి వచ్చిన రోజులున్నాయి. అతని అన్నదమ్ములు కూడా అదే దారిలో నడిచారు.

ఆదివారం పూజకు వెళ్లేవాడు గాని దివ్యసత్ప్రసాదం దరిదాపులకు పోలేదు. అతడు చెడ్డ మనసు గలవాడేమీ కాదు. జేబులో డబ్బుంటే స్నేహితులందరికీ తాగించేవాడు. అయితే తాగుడుకు బానిసైన వాని మంచితనం కూడా ఆ తాగుడుకే ఊడిగం చేస్తుంది. పాపం చేసేవాడు పాపానికి దాసుడని ప్రభువు యోహాను సువార్త 8వ అధ్యాయంలో బోధించింది ఇదే. మొదట మనం పాపాన్ని ఎంచుకుంటాం. కొంతకాలానికి ఎంచుకునే శక్తే మన చేతిలో ఉండదు.

ఆ రోజులలోనే ఒక పని జరిగింది. వీధులలో ఫిడేలు వాయించి పొట్టపోసుకునే గుడ్డివాడు ఒకడు ఆ స్నేహితుల మధ్య కూర్చున్నాడు. మాట్, అతని జతగాళ్లు కలిసి ఆ ఫిడేలును దొంగిలించి, వచ్చిన డబ్బుతో తాగారు. మన బస్టాండులలో హార్మోనియం పెట్టె మెడకు తగిలించుకొని పాడుకునే గుడ్డివారిని చూస్తుంటాం. ఆ పెట్టెను ఎవరైనా ఎత్తుకుపోతే ఆ సాయంత్రం అతని గతేమిటి? అతనికి అది వాద్యం మాత్రమే కాదు, నోటి కాడి ముద్ద. మాట్ జీవితంలో చేసిన తప్పులన్నిటిలో ఆయనను చివరిదాకా వెంబడించింది ఈ తప్పే.

శనివారం మధ్యాహ్నం

1884వ సంవత్సరం. మాట్ వయసు 28. వారమంతా పనికి పోలేదు గనుక ఆ శనివారం కూలి లేదు. దుకాణంలో ఉద్దెర కూడా అయిపోయింది. అయినా దిగులు లేదు. తాను ఎన్నోసార్లు తాగించిన స్నేహితులు కూలి తీసుకొని ఆ దారినే వస్తారు, తప్పక పిలుస్తారు అనుకొని సారాయి దుకాణం దగ్గరి మూలన నిలబడ్డాడు. వారు వచ్చారు. పలకరించారు. ఒకరి తరువాత ఒకరు లోపలికి పోయారు. ఒక్కరూ రమ్మనలేదు.

మాట్ చాలా నొచ్చుకున్నాడు. తిరిగి ఇంటికి నడిచాడు. శనివారం మధ్యాహ్నం వేళ కొడుకు తూలకుండా ఇంటికి రావడం చూసి తల్లి ఆశ్చర్యపోయింది. అన్నం తిన్న తరువాత, తాను మద్యం ముట్టనని ప్రమాణం చేయడానికి పోతున్నానని తల్లికి చెప్పాడు. ఆ రోజులలో ఐర్లాండులో గురువుల ఎదుట మద్యవిసర్జన ప్రమాణం చేయడం అందరికీ తెలిసిన ఆచారం. కార్క్ నగరంలో 1838లో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ మొదలుపెట్టిన ఉద్యమం వలన లక్షలమంది ఆ ప్రమాణం చేశారు. తీసుకున్నంత సులభంగా వదిలినవారూ ఎందరో. అందుకే తల్లి సంతోషించినా, తొందరపడలేదు. దేవుని పేరు చెప్పుకొని వెళ్లమన్నది గాని, నిలబెట్టుకోలేని పక్షంలో ప్రమాణం చేయవద్దని హెచ్చరించింది. గడప దాటుతుండగా, నిలబెట్టుకునే శక్తిని ప్రభువు ప్రసాదించాలని కోరుకున్నది.

మాట్ నేరుగా నగరంలోని హోలీ క్రాస్ గురువిద్యాలయానికి పోయాడు. అక్కడ ఒక గురువు ఎదుట మూడు నెలల వరకు తాగనని ప్రమాణం చేశాడు. జీవితాంతం అనే ధైర్యం అతనికి లేదు. ఎన్నో సంవత్సరాల తరువాత పాపసంకీర్తనం చేశాడు. మరునాడు ఆదివారం తెల్లవారుజామున పునీత ఫ్రాన్సిస్ శౌరివారి దేవాలయంలో దివ్యసత్ప్రసాదం స్వీకరించాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మాట్‌ను ఇంటికి తిప్పింది గొప్ప దర్శనమేమీ కాదు. తోటివారు పట్టించుకోలేదన్న అవమానం మాత్రమే. తప్పిపోయిన కుమారుడు కూడా మొదట ఆకలితోనే తండ్రి ఇంటిని తలచుకున్నాడు. మన పశ్చాత్తాపం స్వచ్ఛమైనదిగా మారేవరకు దేవుడు ఎదురుచూడడు. కొద్దిపాటి కారణంతో మనం ఒక అడుగు వేసినా పరుగెత్తి ఎదురువస్తాడు.

మూడు నెలల పోరాటం

క్షమాపణ ఒక్క క్షణంలో లభించింది. అలవాటు మాత్రం ఒక్క క్షణంలో పోలేదు. ఆ మూడు నెలలు మాట్ నరకయాతన పడ్డాడు. పని ముగిసిన తరువాత పాత స్నేహితులతో పోకుండా ఉండడానికి ఊరంతా నడిచేవాడు. కాళ్లు అలసినప్పుడు ఏదో ఒక దేవాలయంలోకి పోయి దివ్యసత్ప్రసాద మందసం ముందు కూర్చునేవాడు. మూడు నెలలు అయిపోగానే మళ్లీ తాగుతానని ఒక దశలో తల్లితో అన్నాడు కూడా. ఆమె నచ్చజెప్పింది.

ఒక సాయంత్రం జేబులో కాస్త డబ్బుతో ఒక సారాయి దుకాణం ముందుకు వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. లోపలికి పోయాడు. దుకాణంలో పనివాడు తెలిసినవారికి పోయడంలో మునిగి ఇతనిని చూడనే లేదు. కాసేపు నిలబడి, చిన్నతనంగా తోచి బయటికి వచ్చి, నేరుగా దేవాలయానికి పోయి, తలుపులు మూసేవరకు అక్కడే ఉన్నాడు. ఆనాటి నుండి జేబులో డబ్బు పెట్టుకొని బయట తిరగడమే మానేశాడు. తన బలహీనత ఎక్కడ ఉన్నదో తెలుసుకొని అక్కడ కంచె వేసుకున్నాడు. పాపంలో పడవేసే సందర్భాలను విడిచిపెడతానని పశ్చాత్తాప జపంలో మనం చెప్పే మాట ఆయన విషయంలో ఖాళీ జేబుగా మారింది.

మూడు నెలలు గడిచాయి. మరో ఆరు నెలలకు ప్రమాణం చేశాడు. ఆ తరువాత జీవితాంతానికి. అక్కడి నుండి 41 ఏళ్లు మద్యం ముట్టలేదు. పొగాకును కూడా విడిచాడు. తాగుడు కంటే పొగాకు మానడమే తనకు కష్టమైనదని తరువాత చెప్పుకున్నాడు. నోట బూతులు రాకుండా ఉండడానికి చొక్కా చేతికి రెండు గుండుసూదులు సిలువ ఆకారంలో గుచ్చుకొని, అవి కంటబడినప్పుడల్లా ప్రభువును తలచుకునేవాడు.

క్షమించబడినవాని గుండె

ఆ తొలి కాలంలోనే తాగుడును మించిన శోధన ఒకటి వచ్చింది. ఆయన జీవిత చరిత్ర రాసినవారు దానిని ఇలా చెబుతారు. ఒక ఆదివారం మాట్ దివ్యసత్ప్రసాదం కోసం పీఠం వైపు నడుస్తుండగా, తనవంటి వాడు ఎన్నటికీ బాగుపడడు, మళ్లీ తాగుతాడు, ఈ భక్తి అంతా దండుగ అనే నిరాశ గుండెను నొక్కివేసింది. ముందుకు పోలేక బయటికి వచ్చేశాడు. మరో దేవాలయానికి పోయాడు. అక్కడా అదే. చివరకు పునీత ఫ్రాన్సిస్ శౌరివారి దేవాలయం మెట్ల మీద బోర్లా పడి, చేతులు సిలువ వలె చాచి, తనను పాత బ్రతుకులోకి పోనివ్వవద్దని ప్రభువును, తన కోసం వేడుకొమ్మని మరియమాతను బతిమాలుకున్నాడు. పూజకు వచ్చినవారు పక్కనుండి నడిచిపోతున్నా లేవలేదు. కొంతసేపటికి మనసు తేలికపడింది. లోపలికి పోయి ప్రభువును స్వీకరించాడు.

ప్రియ పాఠకులారా, ఈ ఘట్టాన్ని తేలికగా దాటిపోవద్దు. తప్పు చేయకముందు, ఇది చిన్న తప్పే, ఏమీ కాదు అని సైతాను చెవిలో చెబుతాడు. తప్పు చేసిన తరువాత, ఇది చాలా పెద్ద తప్పు, క్షమాపణ ఉండదు అని అదే నోటితో చెబుతాడు. రెండూ అబద్ధాలే. మొదటిది మనలను పాపంలోకి దింపుతుంది, రెండవది అక్కడే ఉంచుతుంది. ప్రభువును అమ్మివేసిన యూదా, ఎరుగనని బొంకిన పేతురు ఇద్దరూ ఆ రాత్రి కుమిలిపోయారు. యూదా తన దుఃఖాన్ని తనలోనే దాచుకొని చీకటిలోకి పోయాడు. పేతురు తన కన్నీళ్లను ప్రభువు చూపులో పెట్టుకున్నాడు. మనలను ప్రభువు వద్దకు నడిపించే దుఃఖం పశ్చాత్తాపం. ప్రభువుకు దూరం చేసే దుఃఖం ఎంత భక్తిగా కనిపించినా అది దేవుని నుండి వచ్చినది కాదు.

తీరిన అప్పులు, తీరని అప్పు

మారుమనస్సు పొందిన మాట్ కూర్చొని ఏడుస్తూ ఉండిపోలేదు. తాను ఉద్దెర పెట్టిన సారాయి దుకాణాలన్నీ గుర్తు చేసుకొని, కూలి డబ్బులు కూడబెట్టి, ఒక్కొక్క దుకాణానికి పోయి బాకీ ఇచ్చివేశాడు. కవరులో డబ్బు పెట్టి ఇచ్చి, అక్కడ నిలబడకుండా వచ్చేసేవాడు.

మిగిలినది గుడ్డివాని ఫిడేలు. దాని కోసం డబ్లిన్ అంతా వెదికాడు. వీధులలో, బీదల సత్రాలలో అడిగాడు. ఏండ్ల తరబడి వెదికినా ఆ మనిషి కనబడలేదు. బ్రతికి ఉన్నాడో లేడో తెలియదు. చివరకు ఆ ఫిడేలు ఖరీదుకు ఇవ్వదలచిన డబ్బును, ఆ గుడ్డివాని ఆత్మ కొరకు దివ్యపూజలు చేయించడానికి ఇచ్చాడు.

మాట్ జీవితంలో అన్నిటికంటే మన మనసుకు తాకవలసిన సంగతి ఇదేనని తోస్తుంది. పాపవిమోచనం పాపాన్ని తీసివేస్తుంది గాని, పాపం వలన జరిగిన నష్టాలన్నిటినీ సరిచేయదని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1459వ పేరాలో బోధిస్తున్నది. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి, చెడగొట్టిన పేరును నిలబెట్టాలి, గాయపడినవారికి న్యాయం చేయాలి. క్షమాపణ పొందాను గదా అని వీటిని ఎగవేయడానికి వీలు లేదు.

మరి ఇవ్వవలసిన మనిషే దొరకకపోతే? తల్లిని పస్తులు పెట్టిన కొడుకు మారేసరికి తల్లి సమాధిలో ఉంటే? గర్భంలోని బిడ్డను పోగొట్టుకున్న తల్లి, తాగిన మైకంలో బండి నడిపి మరొకరి ప్రాణం తీసినవాడు, ఏమి ఇచ్చి ఆ అప్పు తీర్చగలరు? మానవ జీవితంలో మనం విడిపించలేని కుదువలు ఉన్నాయి. సరిగ్గా అక్కడే మనకు విమోచకుడు కావాలి. మన మీద ఉన్న ఋణపత్రాన్ని క్రీస్తు సిలువకు మేకులతో కొట్టి రద్దు చేశాడని పునీత పౌలు కొలొస్సీయులకు రాసిన లేఖ 2వ అధ్యాయంలో తెలియజేస్తున్నాడు. ప్రాంసరీ నోటు చించివేసిన తరువాత దాని మీద వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు, మన మనస్సాక్షికి కూడా.

మాట్ చేయగలిగినంత చేశాడు. వెదికాడు. దొరకని మనిషిని దివ్యబలిపూజలో ప్రభువు చేతులలో పెట్టాడు. తాను తీర్చలేనిది ప్రభువు తీరుస్తాడని నమ్మాడు. ఫిడేలును మరచిపోలేదు, అయితే దాని క్రింద నలిగిపోనూ లేదు. తప్పు జ్ఞాపకం వచ్చినప్పుడల్లా అది ఆయనను సారాయి దుకాణం వైపు కాక, పీఠం వైపు నడిపించింది. క్రైస్తవ స్వాతంత్ర్యం అంటే ఇదే.

పేదల మధ్య పేదవాడు

ఆ తరువాతి జీవితం పైకి చూస్తే మామూలు కూలీ జీవితమే. తెల్లవారుజామున లేచి ప్రార్థన, పనికి ముందే దివ్యపూజ, పగలంతా పని, సాయంత్రం మళ్లీ దేవాలయం. తాను వెళ్లే 5 గంటల పూజ సమయం మార్చినప్పుడు, పూజ మానకుండా ఉండడానికి కాస్త ఆలస్యంగా మొదలయ్యే పనిని కలప అడితిలో వెదుక్కున్నాడు. 1890లో పునీత ఫ్రాన్సిస్ అస్సీసి వారి మూడవ సభలో చేరాడు. చెక్క మీద పడుకొని, చెక్కనే దిండుగా పెట్టుకున్నాడు. సగం సగం చదివే ఆ కూలీ, అర్థం కాని మాటలను గురువులను అడిగి తెలుసుకుంటూ బైబిలును, పునీత అగస్టీను వారి ఆత్మకథను చదివాడు. తండ్రి 1899లో పోయిన తరువాత తల్లిని తన గదిలోనే పెట్టుకొని, 1915లో ఆమె కన్నుమూసేవరకు చూసుకున్నాడు. చిల్లర డబ్బులకు మొహం వాచిన ఆ తల్లి, చివరి ఏండ్లలో కొడుకు ప్రార్థనలను చూస్తూ నిశ్చింతగా బ్రతికింది.

1913లో డబ్లిన్ యజమానులు కార్మిక సంఘంలో చేరినవారిని పనిలోకి రానివ్వలేదు. సుమారు 20,000 మంది కార్మికులు 1914 జనవరి వరకు పనులు లేక వీధినపడ్డారు. మాట్ తోటివారి పక్షాన నిలబడి, సంఘం ఇచ్చిన భృతిని కూడా భార్యాబిడ్డలున్న కూలీలకు పంచాడు. తాను పొదుపుగా తిని మిగిల్చిన కూలిలో ఎక్కువ భాగం బీదలకు, చైనాలో వేదప్రచారానికి పోయింది. ఒకనాడు అమ్మ చేతిలో రూపాయి పెట్టలేని చేయి అది.

గొలుసులు

1923 తరువాత గుండె జబ్బుతో ఆసుపత్రి పాలయ్యాడు. 1925 జూన్ 7వ తేదీ, త్రిత్వైక సర్వేశ్వరుని మహోత్సవం. 69 ఏళ్ల మాట్ దివ్యపూజకు నడిచిపోతూ గ్రాన్‌బీ లేన్ అనే సందులో కుప్పకూలి అక్కడే కన్నుమూశాడు. జేబులో ఊరూ పేరూ తెలిపే కాగితం కూడా లేదు. ఎవరో అనాథ అనుకొని ఆసుపత్రికి చేర్చారు. అక్కడ బట్టలు తీసినప్పుడు ఆయన ఒంటి మీద గొలుసులు, త్రాళ్లు కనిపించాయి. వాటి వలననే ఈ అనామకుని గురించి జనం విచారించడం మొదలుపెట్టారు. 1926లో సర్ జోసెఫ్ గ్లిన్ చిన్న పుస్తకంగా రాసిన జీవిత చరిత్ర అనేక భాషలలోకి పోయింది. పునీత ఆరవ పౌలు జగద్గురువులు 1975 అక్టోబరు 3న మాట్ టాల్బట్‌ను పూజ్యుడిగా ప్రకటించారు. ధన్యుడు, పునీతుడు అనే మెట్లు ఇంకా ఉన్నాయి. 1978లో డబ్లిన్ నదిపై కట్టిన ఒక వంతెనకు ఆయన పేరు పెట్టారు.

ఆ గొలుసులను గురించి అపోహపడకూడదు. తన పాపాలకు తానే శిక్ష వేసుకొని అప్పు తీర్చడానికి ఆయన వాటిని ధరించలేదు. పునీత లూయీ మరియ మోంఫోర్టు వారి బోధను అనుసరించి, మరియమాత ద్వారా క్రీస్తుకు ప్రేమతో దాసుడనైనాననే గుర్తుగా ధరించాడు. ఒకనాడు తాగుడు వేసిన సంకెళ్లు కంటికి కనబడలేదు, కాని తెంచుకోలేకపోయాడు. ఈ గొలుసులు కంటికి కనబడతాయి, ఇష్టంతో వేసుకున్నాడు. ఇటువంటి తపస్సులను మనం అనుకరించనక్కరలేదు. ఆత్మగురువుల అనుమతి లేకుండా చేయనూ కూడదు. మనం నేర్చుకోవలసినది, విడిపించినవాని మీద కృతజ్ఞత.

మన ఇండ్ల కొరకు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తివేశారు. చట్టం దుకాణాన్ని మూయగలదు, అదీ అవసరమే. కాని మనిషి లోపలి దుకాణాన్ని మూసేది దేవుని కృప ఒక్కటే. ఆ కృప మన కుటుంబాల ద్వారా కూడా పనిచేస్తుంది.

తాగుడులో ఉన్న సహోదరునికి ఒక మాట. జీవితాంతం మానేస్తానని చెప్పే ధైర్యం లేకపోతే మూడు నెలలకు మొదలుపెట్టండి. ఈ రాత్రికి మొదలుపెట్టండి. మీ విచారణ గురువుల దగ్గరకు రండి. ఏండ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ వంటి ప్రమాదాలు కలగవచ్చు గనుక వైద్యుని సలహా కూడా తీసుకోండి. వైద్యం తీసుకోవడం విశ్వాసలోపం కాదు. ఒకసారి జారిపడితే అంతా పోయిందని అనుకోవద్దు. మళ్లీ రండి.

ఇంటివారికి ఒక మాట. మాట్ తల్లి నిందించలేదు, గొప్పలూ పోలేదు. వివేకంతో హెచ్చరించి, ప్రార్థనతో సాగనంపింది. మానినవానికి పాత రోజులను పదేపదే గుర్తుచేయడం, పండుగ పూట బంధువుల ముందు ఎత్తిపొడవడం, ప్రభువు చించివేసిన నోటును మనం అతికించడమే అవుతుంది. పెండ్లి విందులో అతని ముందు గ్లాసు పెట్టి బలవంతం చేసేవారు ఎంత దగ్గరి చుట్టాలైనా ఆ పూట శత్రువుల పనే చేస్తున్నారు.

తాగుడు లేనివారికి కూడా ఒక మాట. కోపం, అసూయ, అపవాదు, అక్రమ సంపాదన, దాచిన పాత తప్పు, మన ఫిడేలు ఏదో మనకు తెలుసు. తిరిగి ఇవ్వగలిగినది ఈ వారమే ఇచ్చివేద్దాం. క్షమాపణ అడగవలసినవారు బ్రతికి ఉంటే వారి ఇంటికి పోదాం. మన చేతకానిదాన్ని పాపసంకీర్తన వేదిక వద్ద, దివ్యబలిపీఠం వద్ద ప్రభువుకు అప్పగించి, ఇంటికి తేలికైన గుండెతో నడుద్దాం.

మనలను వెల చెల్లించి విడిపించిన ప్రభువు, కుదువలో ఉన్న మన ప్రతి కుటుంబాన్నీ విడిపించి, విడుదల పొందినవారికి దానిని నమ్మే ధైర్యాన్ని ప్రసాదించునుగాక. ఆమెన్.